రమణారెడ్డి, నేను, ఒక షాక్ పెన్ను

ఈ సంచికకి గతించిన ప్రముఖుల జీవితాల మీద రాయాలని మన క్లబ్బు గ్రూపులో మెసేజ్ పడిన పది నిమిషాల్లో విశ్వేశ్వరయ్య గారిని ఒకరు, కలాం గారిని ఇద్దరు, శ్రీశ్రీ గారిని ముగ్గురు పట్టేసుకున్నారు. నేను రెండ్రోజులు నాన్చి, రమణారెడ్డి అని టైప్ చేశాను. ఏ రమణారెడ్డి అని ప్రశ్న. మాయాబజార్‌లో చిన్నమయ్య అని నా జవాబు. వరసగా నవ్వే ఎమోజీలు. ఒక మిత్రుడైతే రేలంగి పక్కన సన్నగా ఉండే ఆయనేనా అని అడిగి, అవునంటే ఇంకో రెండు ఎమోజీలు పెట్టాడు. తప్పులేదు. పేరు వినగానే నవ్వు రావడమే ఆయన సంపాదించుకున్న ఆస్తి. కానీ నేను ఆయన్ని ఎంచుకున్న కారణం మాత్రం నవ్వొచ్చేది కాదు. ముందు అది చెప్పేసి, తర్వాత ఆయన దగ్గరికి వస్తాను.

మాది పర్చూరు. ఒకప్పుడు గుంటూరు జిల్లా, 1970 నుంచి ప్రకాశం, 2022 నుంచి బాపట్ల. జిల్లాలు మారినా పొలాలు మారలేదు. అదే నల్లరేగడి, అదే పత్తి, అదే మిరప. శివరాత్రికి మా వైపు జనం కోటప్పకొండ తిరనాళ్ళకి వెళ్తారు. కిందటేడు కాక అంతకుముందు ఏడు నేనూ వెళ్ళా. ప్రభలు చూసి వస్తుంటే కొట్ల వరసలో ఒకాయన బల్ల మీద రెండు రకాల సరుకు కలిపి పెట్టుకుని అమ్ముతున్నాడు. రబ్బరు పాములు, ప్లాస్టిక్ బల్లులు, లాగితే వేలి మీద టప్పుమని కొట్టే చూయింగ్ గమ్ పాకెట్లు, నొక్కితే షాక్ కొట్టే పెన్నులు ఒక రకం. మూడు గ్లాసుల కింద మాయమయ్యే బంతులు, రంగు మారే పేకముక్కలు, ముడి వేసినా విడిపోయే తాళ్ళు ఇంకో రకం. ఆయన దృష్టిలో అంతా ఒకటే బేరం. నా దృష్టిలోనూ అంతే అప్పటికి. పేకముక్కలు నేర్చుకోవడానికి టైం పడుతుందన్నాడు. పెన్నుకి ఏం నేర్చుకోవక్కర్లేదు. పెన్ను కొన్నా.

హాస్టల్లో నాలుగు రోజులు దానితో హీరో అయిపోయా. అయిదో రోజు రాత్రి మెస్ దగ్గర ఒక ఫస్టియర్ కుర్రాడు కనిపించాడు. రిజిస్టర్‌లో సంతకం పెట్టాలి తమ్ముడూ అని పెన్ను ఇచ్చా. వెనకాల మావాళ్ళు ఆరుగురు నోళ్ళు మూసుకుని సిద్ధంగా ఉన్నారు. వాడు నొక్కాడు, పెన్ను విసిరేశాడు, మావాళ్ళు పడీపడీ నవ్వారు. వాడు నవ్వలేదు, తిట్టలేదు. మొహం తెల్లగా పాలిపోయి, అరచెయ్యి చొక్కాకేసి తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. ఆ రాత్రి అన్నం తినలేదని మర్నాడు తెలిసింది. ఎందుకో కూడా వాడి రూమ్మేటే చెప్పాడు. రెండేళ్ళ కింద వాళ్ళ నాన్న రాత్రిపూట కరెంటు ఇచ్చే వంతులో చేలో మోటారు వెయ్యడానికి వెళ్ళి, స్టార్టర్ పెట్టె దగ్గర షాక్ కొట్టి పోయారు. తెల్లారి వెతుక్కుంటూ వెళ్ళి చూసింది వీడే.

వెళ్ళి సారీ చెప్పాను. పర్లేదన్నా అన్నాడు, మామూలుగానే. కానీ ఆ తర్వాత వాడు నా చేతిలోంచి ఏదీ తీసుకోలేదు. ల్యాబ్ రికార్డు ఇస్తే బల్ల మీద పెట్టమన్నాడు. బిస్కెట్ ఇస్తే ఆకలి లేదన్నాడు. ఎదురుపడితే నవ్వుతాడు, చేతులు మాత్రం జేబుల్లో ఉంటాయి.

సెలవలకి ఇంటికెళ్తే తాతయ్య టీవీలో మాయాబజార్ చూస్తున్నాడు, 2010లో రంగులద్దిన ప్రింటు. తాతయ్యకి రంగులది నచ్చదు, అయినా కదలకుండా చూస్తాడు. విడిదిలో గింబళి సీన్ వచ్చింది. నాకు పెన్ను గుర్తొచ్చి నవ్వు రాలేదు. ఏరా అలా ఉన్నావని అడిగితే మొత్తం చెప్పేశా. తాతయ్య తిట్టలేదు. తెర మీద వంకర్లు తిరుగుతున్న ఆ సన్నపాటి మనిషిని చూపించి, ఆయన నిజంగానే మెజీషియన్ తెలుసా అన్నాడు. నాకు తెలీదు. అక్కణ్ణించి మొదలైంది ఈ వెతుకులాట.

పూర్తి పేరు తిక్కవరపు వెంకట రమణారెడ్డి. 1921 అక్టోబరు 1న నెల్లూరు జిల్లా జగదేవిపేటలో పుట్టారు. నెల్లూరులో శానిటరీ ఇన్‌స్పెక్టరుగా పనిచేశారు. ఆ ఉద్యోగం అంటే ఏంటో మనకిప్పుడు సరిగ్గా తెలీదు. ఊళ్ళో మురిక్కాలవలు, హోటళ్ళ వంటిళ్ళు చూసుకోవడం, కలరా మశూచి రోజుల్లో బావుల్లో మందు వేయించడం, టీకాలకి జనాన్ని పోగెయ్యడం. ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే హోటలు వాళ్ళు గబగబా గిన్నెలు తోమేస్తారు. మనుషులు ఏదైనా దాచేటప్పుడు మొహాలు ఎలా పెడతారో చూడాలంటే అంతకంటే మంచి ఉద్యోగం ఉండదని నాకనిపిస్తుంది. ఇది నా ఊహే లెండి. కానీ తర్వాత ఆయన వేసిన వేషాలన్నీ చూస్తే, ఏదో దాస్తూ దొరికిపోబోతున్నవాడి మొహం ఆయన పెట్టినట్టు ఇంకెవరూ పెట్టలేదు.

గవర్నమెంటు ఉద్యోగం, నెల తిరిగేసరికి జీతం. దాన్ని వదులుకుని సినిమాల కోసం మద్రాసు వెళ్ళిపోయారు. ఇంట్లో ఎవరైనా సాఫ్ట్‌వేర్ జాబ్ మానేసి షార్ట్ ఫిల్మ్స్ తీస్తానంటే మనిళ్ళల్లో ఏం జరుగుతుందో ఊహించుకోండి, అది 1950 ప్రాంతంలో ఇంకెలా ఉండుంటుందో. మొదట చిన్నా చితకా వేషాలు. మనిషి చూస్తే కర్రలాగా సన్నగా, పొడుగ్గా. మాటలో గట్టి నెల్లూరు యాస. హీరోకీ విలన్‌కీ పనికిరాని ఈ రెండు లక్షణాలనే ఆయన పెట్టుబడి చేసుకున్నారు. యాసని దాచుకోలేదు, ఒంటిని దాచుకోలేదు. ఒళ్ళు విల్లులా వంచి, మెడ ముందుకి చాచి, గొంతు సాగదీసి మాట్లాడితే డైలాగు లేకపోయినా హాల్లో నవ్వు మొదలయ్యేది.

1955 ఆయనకి కలిసొచ్చిన ఏడు. ఆ సంవత్సరమే మిస్సమ్మ, రోజులు మారాయి రెండూ వచ్చాయి. మిస్సమ్మలో డేవిడ్ వేషం. అప్పిచ్చి, ఆ అప్పు అడ్డం పెట్టుకుని మేరీని పెళ్ళి చేసుకోవాలని చూసే మనిషి. కాగితం మీద చదివితే వాడు పక్కా విలన్. అప్పు కింద ఆడపిల్లని అడిగేవాణ్ణి చూసి నవ్వడమేంటి? కానీ రమణారెడ్డి వేస్తే నవ్వుతాం. ఎందుకంటే వాడు పన్నిన ప్రతి ఎత్తూ తిరిగి వాడికే తగులుతుందని మనకి ముందే తెలుసు. తాపీ చాణక్య తీసిన రోజులు మారాయిలో ఊరి కరణం. లెక్కలు తారుమారు చేసే కరణాన్ని చూసి పల్లెటూళ్ళ జనం నవ్వుకున్నారంటే, అది చిన్న సంగతి కాదు. తాతయ్య చెప్తాడు, ఆ రోజుల్లో కరణం ఎదురుగా వస్తే నవ్వడానికి ఎవడికీ ధైర్యం ఉండేది కాదట, హాల్లో చీకట్లో మాత్రం పగలబడి నవ్వేవాళ్ళట.

తర్వాత 1962లో గుండమ్మ కథలో గంటయ్య. అదీ అంతే, పుల్లలు పెట్టి, తగువులు పెట్టి, చివరికి తనే ఇరుక్కుపోయే మనిషి. మధ్యలో లెక్కలేనన్ని సినిమాలు. రేలంగి గారితో జంట కుదిరింది. ఒకరు బొద్దు, ఒకరు సన్నం. లారెల్ హార్డీ అని జనమే పోల్చుకున్నారు. ఆ సినిమాల లిస్టు ఇక్కడ రాస్తే మన ఎడిటర్ కత్తిరిస్తాడు కాబట్టి నేరుగా మాయాబజార్‌కి వెళ్ళిపోతా. నా అసలు గొడవ అక్కడే ఉంది.

1957 మార్చి 27న విడుదలైంది. కె.వి.రెడ్డి గారి దర్శకత్వం, పింగళి నాగేంద్రరావు గారి మాటలు, మార్కస్ బార్ట్‌లే కెమెరా. ఘటోత్కచుడి దగ్గర ఉండే మాయల నేర్పరి చిన్నమయ్యగా రమణారెడ్డి, ఆయనకి లంబు, జంబు అని ఇద్దరు శిష్యులు. మగపెళ్ళివారి విడిది కోసం వీళ్ళు సృష్టించిన ఊరే మాయాబజార్. అందులో దుర్యోధనుడి పక్కన చేరిన శర్మ, శాస్త్రిని ఏడిపించడానికి గింబళి, గిల్పం తయారుచేస్తారు. పింగళి గారి చమత్కారం చూడండి. మనం పుస్తకం గిస్తకం, కాఫీ గీఫీ అంటాం కదా, రెండో మాటకి అర్థం ఉండదు. ఆయన కంబళి గింబళిలో గింబళికి, తల్పం గిల్పంలో గిల్పానికి అర్థం పుట్టించేశారు. కంబళి అంటే మామూలు కంబళి. గింబళి అంటే కాలు పెట్టినవాణ్ణి ముప్పుతిప్పలు పెట్టే కంబళి. తల్పం అంటే మంచం. గిల్పం అంటే ఎక్కినవాణ్ణి స్థిమితంగా పడుకోనివ్వని మంచం.

ఇది నేను పదిసార్లు చూశాక తట్టింది. గింబళి, గిల్పం మంత్రాలతో పుట్టినవే అయినా వాటి పద్ధతి మేజిక్‌ది కాదు. అవి షాక్ పెన్ను బాపతు. చూడ్డానికి మామూలు వస్తువు, ముట్టుకుంటే గానీ గుట్టు తెలీదు. ముట్టుకునేవాడికి తప్ప చుట్టూ ఉన్నవాళ్ళందరికీ ముందే తెలుసు. ప్రేక్షకులకీ తెలుసు. తెలీనివాడు ఒక్కడే, నవ్వు వాడి మీద. అదే సినిమాలో మాయాశశిరేఖ ఉంది. అది మేజిక్. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో మగపెళ్ళివారి మధ్య తిరుగుతుంటే ఒక్కరికీ అంతు చిక్కదు. వస్తువు లేదు, పనితనం ఉంది. పైగా ఆ పనితనం సావిత్రి గారిది, ఆవిడ ఆడపిల్ల వేషంలో ఉన్న రాక్షసుడిలా నడిచిన నడక ఒక్కటి చాలు.

తిరనాళ్ళ బల్ల మీద రెండూ పక్కపక్కనే ఎందుకున్నాయో, ఎందుకు ఒకటి కాదో నాకు మెల్లగా అర్థమవడం మొదలైంది. షాక్ పెన్ను ఎవడి చేతిలో ఉన్నా పనిచేస్తుంది. తెలివి అంతా వస్తువులోనే ఉంది, పట్టుకున్నవాడిలో అక్కర్లేదు. రూపాయి బిళ్ళ మాయం చెయ్యడంలో బిళ్ళకి ఏ తెలివీ లేదు, అంతా చేతిలో ఉంది. దానికే మనవాళ్ళు హస్తలాఘవం అని పేరుపెట్టారు. పెన్ను జోకు గుట్టు బయటపడితేనే పూర్తవుతుంది. మేజిక్కు గుట్టు బయటపడితే చచ్చిపోతుంది. ఒకదానికి బలి కావాలి. రెండోదానికి ప్రేక్షకుడు చాలు.

ఈ రెంటినీ ఒకే కేటలాగులో పెట్టి జీవితమంతా అమ్మిన మనిషి ఒకాయన ఉన్నాడు. సోరెన్ సోరెన్సెన్ ఆడమ్స్, 1879లో డెన్మార్క్‌లో పుట్టి అమెరికాలోని న్యూజెర్సీలో స్థిరపడ్డాడు. రంగుల పరిశ్రమ కోసం బొగ్గు తారు నుంచి తీసే సరుకు అమ్ముతుండగా, అందులో ఒక పొడి తగిలితే అందరూ తుమ్ముతున్నారని గమనించి దాన్నే పొట్లాలు కట్టి తుమ్ముల పొడి అని అమ్మేశాడు. 1906లో దానికోసం కంపెనీయే పెట్టాడు. మిరప కల్లాల పక్కన పెరిగిన మాకు ఇది విని నవ్వొస్తుంది, మేం ఎండాకాలం అంతా ఫ్రీగా తుమ్ముతాం. కాకపోతే మా మిరపఘాటుతో తుమ్మితే ఆగిపోతుంది. ఆయన పొడిలో ఉన్న డయానిసిడిన్ విషమని తేలి తర్వాత అక్కడి ప్రభుత్వం నిషేధించింది. జామ్ సీసా మూత తీస్తే బయటికి ఎగిరే స్ప్రింగు పాము ఆయనదే. అరచేతిలో దాచి షేక్‌హ్యాండ్ ఇస్తే జర్రుమనే బజర్ కూడా ఆయనదే, 1932లో పేటెంట్ వచ్చింది.

ఆ బజర్ గురించి మన ఈఈఈ వాళ్ళకి ఒక మాట. అందులో కరెంటు లేదు. గడియారంలో లాగా చుట్టిన స్ప్రింగు, నొక్కితే విప్పుకుంటూ అదురుతుంది, మన మెదడు దాన్ని షాక్ అనుకుంటుంది. అంటే ఒకరకంగా అది కూడా కనికట్టే. నా పెన్ను అలా కాదు. దాన్ని తర్వాత విప్పి చూశా. చిన్న బటన్ సెల్స్, ఒక కాయిలు, ఒక చిన్న సర్క్యూట్. వోల్టేజీ పైకెక్కుతుంది, కరెంటు బాగా తక్కువ, ఆరోగ్యంగా ఉన్నవాడికి మామూలుగా ఏం కాదు. లెక్క ప్రకారం ఏం కాదు. ఆ లెక్క వేసుకుని నేను రెండు వారాలు నిద్రపోవడానికి ప్రయత్నించా. ఆ కుర్రాడికి తగిలింది సెల్ కరెంటు కాదని తెలిసీ.

ఆడమ్స్ దగ్గరికి ఒకసారి కూర్చుంటే వింత చప్పుడు చేసే రబ్బరు దిండు తెస్తే, మరీ అసహ్యంగా ఉందని వద్దన్నాడట. వేరేవాళ్ళు అమ్మి బోలెడు సంపాదించారు, తర్వాత ఈయనా తన రకం ఒకటి తెచ్చాడు. అంటే ఆయనకీ ఎక్కడో ఒక గీత ఉంది. అది సరిగ్గా ఎక్కడ గీయాలో మాత్రం తెలీలేదు. 1963లో పోయాడు.

రమణారెడ్డి గారు ఆ గీత దగ్గర ఏం చేశారన్నదే నాకు ముఖ్యం. ఆయనకి మేజిక్కు మీద సరదా సినిమాల్లోకి రాకముందు నుంచే ఉంది, అప్పటికే కొంత వచ్చు కూడా. అయితే నటుడిగా పేరొచ్చి, రోజుకి రెండు మూడు షూటింగులు తిరిగే కాలంలో, రాత్రింబవళ్ళు కూర్చుని మళ్ళీ గట్టిగా నేర్చుకున్నారు. ఎవరైనా పేరు రాకముందు కష్టపడి నేర్చుకుంటారు. ఈయన పేరొచ్చాక, అవసరం లేకపోయినా, ఇంకో విద్యలో విద్యార్థి అయ్యారు. తర్వాత స్టేజి మీద ప్రదర్శనలు ఇచ్చారు. సేవాసంస్థలకి డబ్బు పోగవడం కోసం చాలా ప్రదర్శనలు ఊరికే ఇచ్చారు.

మేజిక్ నేర్చుకోవడం అంటే ఏంటో నాకు ఈమధ్య కొంచెం తెలిసింది. ఒక్క బిళ్ళని అరచేతిలో ఇరికించి, చెయ్యి ఖాళీగా ఉన్నంత సహజంగా వేళ్ళు వదులు చెయ్యడానికి నాకు మూడు నెలలు పట్టింది. అద్దం ముందు నిలబడి వెయ్యిసార్లు చెయ్యాలి. పట్టు బిగిస్తే తెలిసిపోతుంది, వదిలేస్తే కిందపడుతుంది. మా అమ్మ ఆ బిళ్ళ చప్పుడుకి విసిగిపోయి టవల్ పరుచుకుని చెయ్యరా అంది. అప్పటికే పేరొచ్చిన మనిషి, మేకప్ కడుక్కుని ఇంటికొచ్చి, అద్దం ముందు ఇలా నిలబడ్డారని తల్చుకుంటే ఆయన కామెడీ కూడా నాకు వేరేగా కనిపించడం మొదలైంది. ఆ ఒళ్ళు వంచడం, చేతులు తిప్పడం, ఎక్కడ చూపు తిప్పితే జనం అటే చూస్తారో తెలిసుండడం, అదంతా ఏదో పుట్టుకతో వచ్చిన కోతి చేష్ట కాదనిపిస్తుంది.

మన ప్రాంతంలో ఈ విద్య కొత్తదీ కాదు. విప్రవినోదులని ఇంద్రజాలం చేసే బ్రాహ్మణ కుటుంబాలు తెలుగునాట ఉండేవి, విజయనగరం కాలంనాటి శాసనాల్లో కూడా వాళ్ళ ప్రస్తావన ఉంది. వీధుల్లో పామునీ ముంగిసనీ పెట్టుకుని గారడీ చేసేవాళ్ళు సరేసరి. రమణారెడ్డి గారి కాలానికి పి.సి.సర్కార్ గారి పేరు దేశమంతా మోగుతోంది. 1956లో బీబీసీలో ఆయన ఒక అమ్మాయిని రంపంతో కోసే ఇంద్రజాలం చేస్తే, ప్రోగ్రాం టైం అయిపోయి సీన్ మధ్యలో తెగిపోయింది. అమ్మాయి నిజంగా చచ్చిపోయిందనుకుని లండన్ జనం ఫోన్ల మీద ఫోన్లు చేశారు. మేజిక్‌లో కూడా జనం హడలిపోగలరు, కాదనను. కానీ అక్కడ అందరూ కలిసే హడలిపోయారు. ఒకణ్ణి మధ్యలో నిలబెట్టి మిగతావాళ్ళు చూడలేదు.

ఆ రోజుల్లోనే బెజవాడలో గోరా గారు, వాళ్ళ నాస్తిక కేంద్రం వాళ్ళు నిప్పుల మీద నడిచి చూపించి ఇందులో మహిమ ఏం లేదని చెప్పేవాళ్ళు. దీన్నిబట్టి నాకు మూడో రకం ఒకటి ఉందని తెలిసింది. మెజీషియను ఇది ట్రిక్కేనని ముందే ఒప్పుకుని మోసం చేస్తాడు. షాక్ పెన్నువాడు తర్వాత ఒప్పుకుంటాడు. ఎప్పటికీ ఒప్పుకోనివాడితోనే గోరా గారికి పేచీ. రమణారెడ్డి గారు మొదటి రకం. టికెట్ కొనుక్కుని వచ్చినవాడికి తను మోసపోబోతున్నానని తెలుసు, దానికోసమే వచ్చాడు.

ఇంకో సంగతి కూడా గమనించా. సినిమాల్లో ఆయన ఎవరికో గొయ్యి తవ్వే మనిషి, ఆ గోతిలో తనే పడేవాడు. డేవిడ్ పడ్డాడు, గంటయ్య పడ్డాడు. అంటే మన నవ్వుకి బలి కావాల్సిన మనిషి స్థానంలో ప్రతిసారీ ఆయనే నిలబడ్డారు. పక్కవాడి చేతిలో పెన్ను పెట్టలేదు, తనే నొక్కుకున్నారు. చిన్నమయ్య వేషంలో మాత్రం గింబళి పరిచే పక్షాన ఉన్నారు, నిజమే. కానీ దాని మీద కాలు పెట్టిందెవరు? రాజుగారి అండ చూసుకుని మిడిసిపడే శర్మ, శాస్త్రి. అదే గింబళిని విడిదిలో నీళ్ళు మోసేవాడి కింద పరిస్తే కె.వి.రెడ్డి గారి సినిమాలో నవ్వు పుట్టేదా? ఫస్టియర్ కుర్రాడికి థర్డ్ ఇయర్ వాడు పెన్ను ఇవ్వడం సరిగ్గా అదే. అది రాత్రిపూట కూర్చుని నాకు నేను చెప్పుకున్నది, ఎవరూ తిట్టకుండానే.

రమణారెడ్డి గారు 1974 నవంబరు 11న చనిపోయారు. యాభై మూడేళ్ళు. రేలంగి గారు మరుసటేడు 1975లో పోయారు. జంట అలా ఏడాది తేడాలో విడిపోయింది. సినిమాల్లో ఆయన వేషాలు ఉన్నాయి, యూట్యూబ్‌లో కామెడీ సీన్లు ముక్కలు ముక్కలుగా దొరుకుతాయి. స్టేజి మీద చేసిన మేజిక్ మాత్రం చూసినవాళ్ళతోనే పోతోంది. తాతయ్య కూడా చూళ్ళేదు, విన్నాడంతే. దాని గుట్టు ఎలాగూ చెప్పరు, ఆట కూడా మిగల్లేదు. ఆయన మీద రాయమంటే అందరూ సినిమాల లిస్టు రాయడానికి కారణం అదేననుకుంటా. నేనూ దాదాపు అదే చేశాను చూడండి.

పెన్ను ఏమైందంటారా, విప్పాక మళ్ళీ బిగించలేదు. ఈ సెమ్ మొదట్లో క్యాంటీన్ వెనక అరుగు మీద ఆ కుర్రాడు ఒక్కడే కూర్చుని టీ తాగుతున్నాడు. ఇప్పుడు వాడూ సెకండియర్. పక్కన కాస్త దూరంగా కూర్చుని, ఒక ట్రిక్ చూపిస్తా, నువ్వు ఏదీ ముట్టుకోనక్కర్లేదు అన్నా. జేబులోంచి అయిదు రూపాయల బిళ్ళ తీశా. వాడు దాని వంక చూశాడు, నా మొహం వంక చూశాడు. నీ బిళ్ళ వద్దన్నా అని తన జేబులో వెతికి రెండు రూపాయల బిళ్ళ తీసి అరుగు మీద మా ఇద్దరి మధ్య పెట్టాడు.

నేను అయిదు రూపాయల బిళ్ళతో ప్రాక్టీస్ చేసినవాణ్ణి. రెండు రూపాయలది సైజు వేరు, అంచు వేరు. చేతులు చల్లబడ్డాయి. అయినా తీసుకున్నా, కుడి చేతిలోంచి ఎడమ చేతిలోకి వేసినట్టు వేశా, పిడికిలి బిగించి ఊదా, తెరిచా. ఎడమ చెయ్యి ఖాళీ. వాడు టీ గ్లాసు పక్కన పెట్టాడు. వంగి నా చొక్కా చేతులు చూశాడు. అరుగు కింద చూశాడు. తర్వాత నా ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర పట్టుకుని తిరగేసి చూశాడు.

కుడి చెయ్యి అడగలేదు, నా అదృష్టం. కాసేపటికి నా రెండు రూపాయలు ఇచ్చెయ్యన్నా అన్నాడు. వాడి చెవి వెనక నుంచి తీసి అరచేతిలో పెట్టా. ఎలా చేశావని రెండుసార్లు అడిగాడు, చెప్పలేదు. రేపు ఇదే టైంకి మళ్ళీ చూపించాలట, వాడి రూమ్మేట్‌ని కూడా తెచ్చుకుంటాడట.